ఓవెన్ లేకుండా తినే క్రిస్మస్ ఇల్లు: టేబుల్ మధ్యలో రెండు రోజులు నిలబడాలంటే ఎట్లా కట్టాలి?

హన్మకొండ వంటిల్లు

డిసెంబర్ 24 రాత్రి ఆరాధన అయ్యాక మా ఇంట్లో భోజనాలు. పదిమంది కూర్చునే టేబుల్ మధ్యలో తినే క్రిస్మస్ ఇల్లు పెట్టాలనుకుంటున్నాం. ఓవెన్ లేదు. గ్యాస్ పొయ్యి, మిక్సీ, ఫ్రిజ్ ఉన్నాయి. దొరికిన పద్ధతులన్నీ అల్లం బిస్కెట్ పిండి కలిపి ఓవెన్‌లో పెట్టమనే చెబుతున్నాయి.

కొన్న బిస్కెట్లతో గోడలు కడితే నిలబడతాయా? అతికించడానికి ఏది వాడాలి? వచ్చేవాళ్లలో ఇద్దరు గుడ్డు తినరు. 24 సాయంత్రం నుంచి 26 వరకు ఇల్లు టేబుల్ మీదే ఉండాలి, ఆ తర్వాత పిల్లలు విరగ్గొట్టి తింటారు. కాబట్టి లోపల అట్టముక్కలు, థర్మకోల్ వద్దు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లకు ఒకరి ముఖం ఒకరికి కనపడాలి, అంటే మరీ ఎత్తు ఉండకూడదు. కొలతలతో చెప్పగలిగితే మేలు.

కేకుల కాజీపేట

నిలబడుతుంది మేడమ్. అయితే బిస్కెట్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టుకుంటూ గోడ లేపొద్దు. చాలామంది ఇల్లు పడిపోయేది అక్కడే. గోడను పడుకోబెట్టి చేసి, పూర్తిగా ఆరాక లేపి నిలబెట్టాలి.

బిస్కెట్ ఎంపిక ముందు. గ్లూకోజ్ బిస్కెట్లు, మారీ లాంటి పొడి బిస్కెట్లే తీసుకోండి. వెన్న, జీడిపప్పు ఎక్కువ ఉన్నవి, క్రీమ్ బిస్కెట్లు గోడలకు పనికిరావు. వాటిలోని కొవ్వు మెల్లగా ఐసింగ్‌లోకి, అంటే అతికించే చక్కెర పొడి ముద్దలోకి, దిగి అతుకు వదిలేస్తుంది. పెట్టిన రోజు బాగానే ఉంటుంది, మర్నాటికి ముట్టుకుంటే ఊడి వస్తుంది. నలుచదరంగా ఉన్న గ్లూకోజ్ బిస్కెట్లు గోడకు, గుండ్రటి మారీ పైకప్పుకు. మారీని సగానికి కోసి చూరు నుంచి మొదలుపెట్టి పైకి వరసలుగా, ఒకదాని అంచు మీద ఇంకోటి పడేలా పేర్చితే గూనపెంకుల కప్పులా కనిపిస్తుంది.

బట్టర్ పేపర్ మీద గోడ ఆకారం పెన్సిల్‌తో గీసి, కాగితం తిరగేసి పరవండి, పెన్సిల్ గీత బిస్కెట్‌కు అంటదు. దాని మీద ఒక వరస బిస్కెట్లు, మధ్యలో సందులో ఐసింగ్. పైన మొత్తం పలుచగా ఐసింగ్ రాసి రెండో పొర. రెండో పొరలో అతుకులు మొదటి పొర అతుకుల మీద పడకూడదు, సగం సగం జరిగి రావాలి. అతుకు మీద అతుకు పడితే గోడ సరిగ్గా ఆ గీత దగ్గరే మడత పడుతుంది. పైన ఒక పళ్లెం బోర్లించి రాత్రంతా వదిలేయండి. ఫ్యాన్ గాలి తగిలితే ఇంకా మంచిది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. బయటికి తీసిన పది నిమిషాల్లో మీద చెమ్మ పడుతుంది, బిస్కెట్ మెత్తబడుతుంది.

బిస్కెట్ కోయాలంటే పళ్లున్న బ్రెడ్ కత్తితో రంపం కోసినట్టు నెమ్మదిగా లాగాలి. కత్తి నొక్కితే పగులుతుంది. మైక్రోవేవ్ ఉంటే ఎనిమిది పది సెకన్లు వేడి చేస్తే కాసేపు మెత్తగా ఉంటుంది, ఆలోపు కోసేయొచ్చు.

అతుకు కోసం రాయల్ ఐసింగ్. 500 గ్రాముల ఐసింగ్ షుగర్‌కు మూడు గుడ్ల తెల్లసొన, అంటే 90 గ్రాముల చిల్లర, అర చెంచా నిమ్మరసం. గిన్నెకు నూనె జిడ్డు ఏ మాత్రం ఉండొద్దు. ప్లాస్టిక్ గిన్నె కడిగినా జిడ్డు పట్టుకునే ఉంటుంది, స్టీలుది తీసుకుని నిమ్మచెక్కతో తుడవండి. పచ్చసొన చుక్క పడినా గట్టిపడదు. గరిటె ఎత్తితే కొన నిటారుగా నిలబడాలి, వంగితే ఇంకో రెండు చెంచాల చక్కెర పొడి కలపండి. ఎక్కువసేపు గిలక్కొట్టినా నష్టమే. గాలి బుడగలు చేరి ఆరాక పెళుసుగా విరిగిపోతుంది. గిన్నె మీద తడిగుడ్డ కప్పి ఉంచండి, లేకపోతే పైన తెట్టు కట్టి, ఐసింగ్ నింపి నొక్కే కోన్ మూతికి అడ్డం పడుతుంది.

చక్కెర ఇంట్లో మిక్సీ పట్టేటట్టయితే రెండు మూడు సార్లు తిప్పి పలుచటి బట్టతో జల్లించండి. ఒక్క పలుకు మిగిలినా సన్నటి మూతిలో ఇరుక్కుంటుంది, గట్టిగా నొక్కితే వెనక నుంచి కవర్ చిరుగుతుంది.

పచ్చి తెల్లసొనకు బదులు మెరింగ్ పౌడర్ వాడితే సురక్షితం. ఈ 500 గ్రాములకు సుమారు 30 గ్రాముల పౌడర్, 80 మిల్లీలీటర్ల నీళ్లు. బ్రాండును బట్టి కొలత మారుతుంది, డబ్బా మీద చూసుకోండి.

పాకం పట్టు

పై జవాబు మొత్తం బాగుంది, ఒక్క విషయం చేర్చాలి. మెరింగ్ పౌడర్ అంటే ఎండబెట్టిన గుడ్డు తెల్లసొనే. గుడ్డు తినని ఇద్దరికి అది పెట్టకూడదు. పొడి రూపంలో ఉంది కదా అని శాకాహారం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

గుడ్డు లేకుండా కావాలంటే కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లు వాడండి. ఉప్పు వేయకుండా ఉడికించి, ఆ నీళ్లను వడకట్టి, చిక్కబడేదాకా మళ్లీ మరగబెట్టాలి. చల్లారాక వేళ్ల మధ్య కాస్త జిగురుగా తగలాలి. 500 గ్రాముల ఐసింగ్ షుగర్‌కు 75 నుంచి 80 మిల్లీలీటర్లు. ముందు నీళ్లను ఒక్కటే నురుగు వచ్చేదాకా గిలక్కొట్టి, తర్వాత చక్కెర కొంచెం కొంచెంగా వేయాలి. ఆరాక శనగ వాసన తెలియదు. గుడ్డు ఐసింగ్ కన్నా ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, అతుకు బలం కూడా ఒక మెట్టు తక్కువ. అందుకే దీన్ని బయటి అలంకరణకు ఉంచుకుని, బరువు మోసే మూలల్ని లోపలి వైపు కాంపౌండ్ చాక్లెట్‌తో పట్టించండి.

కాంపౌండే ఎందుకంటే, అసలు చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, పైగా టెంపరింగ్, అంటే లెక్క ప్రకారం వేడి చేసి చల్లార్చడం, చేయకపోతే సరిగ్గా గట్టిపడదు. కాంపౌండ్‌లో వేరే కొవ్వు ఉంటుంది, టెంపరింగ్ గొడవ లేదు. 300 గ్రాములు ముక్కలు చేసి, మరిగే నీళ్ల గిన్నె మీద ఇంకో పొడి గిన్నె పెట్టి కరిగించండి. నీటి చుక్క గానీ ఆవిరి గానీ పడితే ముద్ద కట్టేస్తుంది, మళ్లీ మామూలు స్థితికి రాదు. మన దగ్గర డిసెంబర్‌లో పగలు 28, 30 డిగ్రీలు ఉంటుంది, రాత్రి బాగా చల్లబడుతుంది. కాబట్టి అతికించే పని రాత్రి పెట్టుకోండి. పది పదిహేను నిమిషాల్లో పట్టేస్తుంది. అదే మధ్యాహ్నం అయితే గోడను పట్టుకుని నిలబడాల్సిందే.

చక్కెరను ఎర్రగా కరిగించి జిగురులా వాడొచ్చు కదా అని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, అంత గట్టి అతుకు ఇంకోటి లేదు, పది సెకన్లలో పట్టేస్తుంది. కానీ 160 డిగ్రీల పైన ఉండే ద్రవం అది, వేలికి అంటుకుంటే ఊడదు. పిల్లలు చుట్టూ ఉన్న వంటింట్లో నేనైతే వద్దంటాను. వాడితే పక్కనే చల్లటి నీళ్ల గిన్నె ఉండాలి.

సుతారి లెక్క

అక్కా, బిస్కెట్లతో కడితే వంద ముక్కలు, వంద అతుకులు. గోడ మొత్తం ఒకటే పలకగా రావాలంటే మరమరాలు, బెల్లం పాకంతోని పోత పోయాలె. ఓవెన్ పని అసలే లేదు, మన ఇండ్లల్ల అందరికీ చేతనైన పనే. పిల్లలు కూడా బిస్కెట్ కంటే ఇదే ఇష్టంగ తింటరు.

ముందుగాల కొలతలు. ముందు గోడ, వెనక గోడ 14 సెం.మీ. వెడల్పు, చూరు దగ్గర 9 సెం.మీ. ఎత్తు, నడిమిట్ల కొన 16 సెం.మీ. పక్క గోడలు 9 ఎత్తు, 15.6 పొడుగు. ఇల్లు మొత్తం పొడుగు 18 సెం.మీ. అనుకున్నం, పక్క గోడ 15.6 ఎందుకంటే పక్క గోడలు ముందు వెనక గోడల నడుమ ఇమడాలె, పలక మందం 1.2 సెం.మీ. రెండు దిక్కులా తీసేసినం. ఈ మందం లెక్క మర్చిపోతే కప్పు పలక పొట్టిగైతది, చూరు బయటికి రాదు.

కప్పు వాలు 45 డిగ్రీలే పెట్టుకోండి. కొన కాడ రెండు పలకలు సరిగ్గ లంబకోణంల కలుస్తయి, ఏటవాలుగ చెక్కే పని తప్పుతది. ఒక పలక 20 × 11.5, రెండోది 20 × 12.7. ఆ ఎక్కువున్న 1.2 సెం.మీ. మొదటి పలక అంచు మీద ఎక్కి కూసుంటది. ఈ లెక్కన చూరు రెండు పక్కలా సుమారు 1.6 సెం.మీ., ముందు వెనక ఒక్కో సెం.మీ. బయటికి వస్తది. ఇంటి ఎత్తు 18 లోపే, పొగగొట్టం పెట్టినా 22 దాటదు. టేబుల్ మీద 30 సెం.మీ. దాటకుంటే ఎదుటి మనిషి కనపడతడు.

సామాను: మరమరాలు రెండుంబావు లీటర్లు, కొలిచే గిన్నెతోని. బెల్లం 300 గ్రాములు, చక్కెర 150, నీళ్లు 75 మిల్లీలీటర్లు. వట్టి బెల్లం అయితే గాలిల చెమ్మ గుంజుకుని రెండో రోజుకు గోడ వంగుతది, చక్కెర కలిస్తే కరకరలాడుతది. నెయ్యి పాకంల ఏయొద్దు. జిడ్డుంటే ఐసింగ్ పట్టదు, కేకులన్న చెప్పిందే.

మరమరాలు సన్నమంట మీద నాలుగైదు నిమిషాలు వేయించి, వేళ్ల నడుమ నలిపితే పొడి అయ్యేటట్టు చూడండి. బెల్లం కరిగినంక వడకట్టి ఇసుక తీసేయండి. లడ్డూలకు పట్టే ఉండపాకం సరిపోదు. నీళ్లల్ల చుక్క ఏస్తే గట్టిపడి, విరిస్తే పటుక్కుమనాలె. థర్మామీటర్ ఉంటే 140 దాటి 145 లోపల. అటెన్క మాడు వాసన వస్తది.

సగం సగం రెండు సార్లు చేయండి. మొత్తం ఒక్కపారి కలిపితే పలక వత్తేలోపు మిగిలిన సగం గిన్నెలనే గట్టిపడతది. బట్టర్ పేపర్ మీద కుమ్మరించి, రెండు పక్కల 12 మిల్లీమీటర్ల మందం కర్రపట్టీలు పెట్టి, పైన ఇంకో బట్టర్ పేపర్ కప్పి చపాతీ కర్రతోని పట్టీల మీద నుంచి దొర్లించండి. మందం అంతటా ఒకటే వస్తది. గోరువెచ్చగ ఉన్నప్పుడే కాయితం నమూనా పెట్టి కోయాలె, తలుపు, కిటికీలు కూడా అప్పుడే. మూడు నాలుగు నిమిషాలే టైం. చల్లారితే పగులుతది. అప్పుడు మళ్ల వేడి పెనం మీద బట్టర్ పేపర్‌తో అర నిమిషం ఉంచితే కత్తి దిగుతది. కోసిన పలకల మీద బరువైన పళ్లెం పెట్టాలె, లేకుంటే ఆరేటప్పుడు అంచులు లేస్తయి.

ముందు గోడ, ఒక పక్క గోడ ఎల్ ఆకారంల నిలబెట్టండి. పొడుగు గ్లాసులు ఆనించండి. వెనక గోడ, తర్వాత నాలుగోది. కప్పు మాత్రం అదే రోజు పెట్టొద్దు. గోడల అతుకులు 12 గంటలు ఆరాలె. 45 డిగ్రీల కప్పు బరువు కిందికే కాదు, గోడల్ని బయటికి నూకుతది. అతుకు పచ్చిగున్నప్పుడు పెడితే పక్క గోడలు విచ్చుకుంటయి. కప్పు పెట్టినంక చూరు కింద నాలుగు చిన్న గిన్నెలు బోర్లించి నాలుగైదు గంటలు ఆసరా ఇయ్యండి.

హన్మకొండ వంటిల్లు

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థ్యాంక్స్. గోడలు మరమరాల పలక, కప్పు మీద మారీ పెంకులు, అతుకు లోపల కాంపౌండ్, బయట శనగనీళ్ల ఐసింగ్. ఇదీ నిర్ణయం.

ఇంకా మూడు అడగాలి. కిటికీలకు అద్దాల్లాగా ఏదైనా పెట్టొచ్చా, లోపల దీపం వెలిగేలా? సకినాలు, గవ్వలు అలంకరణకు వాడొచ్చా? చీమల సంగతి ఏమిటి? ఇంకోటి, మా అబ్బాయి ఇల్లు కాదు, మెదక్ చర్చి కట్టమంటున్నాడు. అది కుదిరే పనేనా?

పాకం పట్టు

అద్దాలకు 100 గ్రాముల చక్కెర, రెండు పెద్ద చెంచాల నీళ్లు, ఒక పెద్ద చెంచా లిక్విడ్ గ్లూకోజ్. గ్లూకోజ్ లేకపోతే పాకం గడ్డకట్టి తెల్లబడుతుంది, అద్దంలా కనపడదు. మరగడం మొదలయ్యాక గరిటె పెట్టొద్దు. 150 డిగ్రీలకు రాగానే దించి, రంగు కావాలంటే ఒక చుక్క పసుపు ఫుడ్ కలర్ వేసి, బట్టర్ పేపర్ మీద పలుచగా పోయండి. కిటికీ కన్నా చుట్టూ అర సెంటీమీటర్ పెద్దదిగా కోసి, గోడ నిలబెట్టక ముందే లోపలి వైపు నుంచి కాంపౌండ్‌తో అతికించాలి. కప్పు వేశాక లోపలికి చెయ్యి పట్టదు.

దీపమంటే కొవ్వొత్తి కాదు. కప్పు కింద వేడి చేరి పాకం, కాంపౌండ్ రెండూ జారిపోతాయి. బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ తీగ సరిపోతుంది. బ్యాటరీ డబ్బా వెనక గోడ బయట ఉండేలా, తీగ మాత్రమే లోపలికి వెళ్లేలా వెనక గోడ అడుగున వేలు పట్టేంత కంత వదలండి. బటన్ సెల్ లైట్లు వద్దు. ఇంటి లోపల తినే మిఠాయి మధ్యలో గుండీ అంత బ్యాటరీ ఉండటం చిన్నపిల్లలకు ప్రాణం మీదికి తెస్తుంది.

సకినాలు వాడొచ్చు, బాగుంటాయి కూడా. సంక్రాంతికి ముందే మిఠాయి షాపుల్లో దొరుకుతాయి. గుండ్రటి సకినం మీద పచ్చ ఐసింగ్ చుక్కలు పెట్టి, ఎర్ర జెమ్స్ బిళ్ల ఒకటి అతికిస్తే తలుపుకు క్రిస్మస్ దండ తయారు. కానీ నూనెలో వేగిన వస్తువు. ఐసింగ్‌తో తలుపుకు అతికిస్తే పొద్దునకల్లా కింద పడి ఉంటుంది. కాంపౌండ్‌తో అతికించండి. అది కూడా కొవ్వే కాబట్టి నూనె దాన్ని విడదీయదు. సకినాన్ని ముందు టిష్యూ మీద గంటసేపు ఉంచి అద్దితే ఇంకా మంచిది. గవ్వలకు పైన చక్కెర పాకం ఉంటుంది, వాటితో చిక్కు లేదు. ఇంటి చుట్టూ ప్రహరీలా పేర్చండి. పల్లీ పట్టీని చిన్న పలకలుగా కోస్తే గేటు నుంచి తలుపు దాకా బండల బాట.

మంచుకు ఎండు కుడుక. పైన గోధుమ రంగు తొక్కను పీలర్‌తో పూర్తిగా గీకేసి, తెల్ల భాగం మాత్రమే సన్నగా తురమాలి. కప్పు మీద ఐసింగ్ పచ్చిగా ఉండగానే చల్లితే పట్టుకుంటుంది. చూరు నుంచి వేలాడే మంచు కడ్డీలకు ఐసింగ్‌ను మరి కాస్త పలుచన చేసి, కోన్ మూతిని అంచుకు ఆనించి నొక్కి, కిందికి లాగుతూ నొక్కడం ఆపేయాలి.

రంగుల సంగతి ఒకటి. జెమ్స్, టూటీ ఫ్రూటీ తడి ఐసింగ్ మీద పెడితే రంగు దిగి గులాబీ మరకలు పడతాయి. ఐసింగ్ మీద పలుచటి తెట్టు కట్టాక చిన్న చుక్క ఐసింగే పెట్టి అతికించండి. టూటీ ఫ్రూటీని ముందు బట్టలో వేసి పాకం తుడవాలి. మార్ష్‌మాలోలు కొనేటట్టయితే ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూడండి. చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేదే.

సుతారి లెక్క

మెదక్ చర్చి కుదురుతది గాని, మొదటిసారే అయితే వద్దంట. లెక్క చెప్తా, మీరే చూసుకోండి. ఆ చర్చి పొడుగు 200 అడుగులు, వెడల్పు 100, గంట గోపురం 175. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయిన కట్టడం. 200వ వంతుకు తగ్గిస్తే 30.5 సెం.మీ. పొడుగు, 15 వెడల్పు, గోపురం 26.7. టేబుల్ మీద ఎత్తు సమస్య రాదు, 30 లోపే ఉంది. సమస్యల్ల గోపురమే. 27 సెం.మీ. నిలువు పలకల్ని నాలుగు దిక్కులా అతికిస్తే ఏదో ఒక మూల విచ్చుకుంటది. అందుకని డొల్లగ కట్టకుండ పోత పోయాలె. లీటరు పండ్లరసం డబ్బా కడిగి ఆరబెట్టి, లోపల బట్టర్ పేపర్ పరిచి, పాకం మరమరాలు గట్టిగ కూరండి. చల్లారినంక డబ్బా చింపేస్తే స్తంభం చేతికి వస్తది. దాని మీద ఇంకొంచెం సన్నటి ముక్క, ఆపైన కొన. డబ్బా కొలతను బట్టి చర్చి వెడల్పు సరి చేసుకోవాలె, లేకుంటే గోపురం లావైపోయి చర్చి చిన్నబోతది.

ఆ చర్చిల అందమంతా రంగు అద్దాల కిటికీలల్ల ఉంది, గోడల్ల కాదు. మూడు రంగుల పాకం అద్దాలు వేరువేరుగ పోసి, చితక్కొట్టి, ముక్కలు కలిపి మళ్ల పెనం మీద బట్టర్ పేపర్‌ల కరిగిస్తే దాదాపు ఆ రూపం వస్తది.

నన్నడిగితే మరమరాలతోని కట్టడానికి డోర్నకల్ చర్చి మంచిది. బిషప్ అజరయ్య కట్టించింది, 1939ల ప్రతిష్ఠ. గుమ్మటాలు, సన్న మీనార్లు, మన గుళ్ల తీరు స్తంభాలు కలిసి ఉంటయి. గుమ్మటమంటే మరమరాల ఉండలే కద. గుండ్రటి గిన్నెల వత్తి బోర్లిస్తే అయిపాయె. మీనార్లకు వేఫర్ గొట్టాలు. గుమ్మటం సాఫుగ ఉండాలంటే మరమరాలను సగం చితక్కొట్టి కలపండి, పూర్తి గింజలుంటే గరుకుగ వస్తది.

ఇంకో ముచ్చట. ఇల్లైనా చర్చైనా అడుగు చెక్క మీద ఉండాలె, పళ్లెం మీద కాదు. పళ్లెం ఎత్తేటప్పుడు నడిమిట్ల వంగుతది, గోడల అడుగు అతుకులు పటపట ఊడతయి. 35 × 30 సెం.మీ. ప్లైవుడ్ ముక్క మీద బట్టర్ పేపర్ చుట్టి, పైన కేక్ షాపుల దొరికే మందపు కేక్ బోర్డు పెడితే చాలు.

కేకుల కాజీపేట

చీమల గురించి మిగిలింది. లక్ష్మణరేఖ చాక్‌పీస్ గానీ, స్ప్రే గానీ ఆ టేబుల్ దరిదాపుల్లోకి తేవొద్దు. తినే వస్తువు, పిల్లలు చేతులతో తీసుకుంటారు. ప్లైవుడ్ కింద నాలుగు చిన్న గిన్నెలు బోర్లించి, ఒక్కో గిన్నెను నీళ్లు పోసిన సాసర్‌లో ఉంచండి. టేబుల్‌క్లాత్ అంచులు, పూలతీగలు చెక్కకు తాకకుండా చూడాలి, చీమలు అటు నుంచే ఎక్కుతాయి. నీళ్లలో చుక్క గిన్నెలు కడిగే సబ్బు వేస్తే చీమ తేలదు, మునుగుతుంది. పనిచేసేటప్పుడు కూడా రాత్రిళ్లు పలకలను ఇదే పద్ధతిలో ఉంచండి. బెల్లం ఉంది కాబట్టి బిస్కెట్ ఇంటికన్నా దీనికి చీమల బెడద ఎక్కువ.

రోజుల లెక్క ఇలా వేసుకోండి. 21 సాయంత్రం పలకలు, కిటికీ అద్దాలు. 22 రాత్రి గోడలు. 23 పొద్దున కప్పు పలకలు, మధ్యాహ్నం దాకా ఆసరా గిన్నెలు ఉంచేయండి, సాయంత్రం మారీ పెంకులు. పెంకులు కింద చూరు నుంచి పైకి కట్టుకు రావాలి. పై నుంచి మొదలుపెడితే కింది వరస దూర్చడానికి సందు ఉండదు. 24 మధ్యాహ్నానికి కుడుక మంచు, సకినాల దండ, గవ్వల ప్రహరీ. ఉదయం మంచు పట్టిన రోజుల్లో కిటికీలు తెరిచిపెట్టొద్దు. పాకం పలక, చక్కెర అద్దాలు రెండూ చెమ్మకు జిగటగా మారతాయి. అద్దం జిగట పడితే ఆపైన పొడి చల్లినా పారదర్శకంగా ఉండదు, మార్చేయడమే. అందుకే ఒక అద్దం ఎక్కువ పోసి గాలి తగలని డబ్బాలో బట్టర్ పేపర్ మధ్య దాచండి.

చర్చి హాలుకో, చుట్టాలింటికో తీసుకెళ్లాల్సి వస్తే ఒళ్లో పెట్టుకోకండి. కారులో సీటు ముందు నేల మీద, కింద తడి తువ్వాలు మడిచి వేస్తే చెక్క జారదు. పొగగొట్టం, దండ లాంటివి అక్కడికి వెళ్లాకే అతికించండి. కాస్త కాంపౌండ్ కోన్‌లో నింపి వెంట ఉంచుకుని, వేడి నీళ్ల గ్లాసులో ముంచితే అక్కడే కరుగుతుంది. కోన్ మూతి మాత్రం నీళ్లలో మునగనివ్వొద్దు.

26న విరగ్గొట్టేటప్పుడు ముందు ఎల్‌ఈడీ తీగ లాగేయండి. తర్వాత చక్కెర అద్దాలు విడదీసి పక్కన పెట్టండి, వాటి అంచులు నిజం అద్దంలాగే కోస్తాయి, నాలుగైదేళ్ల పిల్లలకు ముక్కలు చేసి ఇవ్వొద్దు. కప్పు కొన మీద చపాతీ కర్రతో ఒక్కటి కొడితే రెండు పలకలు విడిపోతాయి. మారీ పెంకులు గాలికి అప్పటికే మెత్తబడి ఉంటాయి. అవి పాలల్లోకి. మరమరాల పలకలు ముక్కలు చేసి గాలి చొరబడని డబ్బాలో వేస్తే ఇంకో వారం కరకరలాడతాయి, శనగనీళ్ల ఐసింగ్ అంటిన ముక్కల్ని మాత్రం ముందుగా తినేయండి.